గుండీల మూటలు

డబ్బాలు ఖాళీ అయిన రోజున బడిలో అర్ధ సంవత్సర పరీక్షలు మొదలయ్యాయి. మా ఆయన పోయి అప్పటికి నెల దాటింది. సాయంత్రం ఇంటికి వచ్చి, సంచీ కుర్చీకి తగిలించి, అలవాటు కొద్దీ పెరటి షెడ్డులోకి తొంగి చూశాను. గోడ పొడవునా ఉన్న చెక్క అరల మీద ఆయన డబ్బాలన్నీ బోర్లించి ఉన్నాయి. కడిగి, తుడిచి, ఆరబెట్టిన డబ్బాలు. కింద సిమెంటు నేల మీద పాత పళ్ళేలు వరసగా పరిచి ఉన్నాయి. ఒక పళ్ళెంలో పొడుగు బోల్టులు, పక్కదాంట్లో పొట్టివి, ఆ పక్కన నట్లు, చివర చిన్న గిన్నెలో వాషర్లు. అన్నీ డీజిల్ తడితో మెరుస్తున్నాయి.

“తుప్పు పట్టిపోతున్నాయని కడిగిపెట్టానమ్మా,” అన్నారు అత్తయ్య, పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ. “సైజుల వారీగా సర్దాను. ఎవరికి ఏది కావాలన్నా ఇట్టే దొరుకుతుంది.”

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఆ పని వల్ల ఏం పోయిందో చెప్పాలంటే మా జీపు సంగతి చెప్పుకోవాలి. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా, మూతపడ్డ గని ఆఫీసు వెనక కంపచెట్ల మధ్య కూరుకుపోయిన ఒక పాత జీపుని లారీ మీద వేయించుకుని తెచ్చారు. నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే రకం, కొండలెక్కడానికి పుట్టిన బండి, వయసులో ఆయనకంటే పెద్దది. నేల రేకుని తుప్పు ఎంతగా తినేసిందంటే, డ్రైవరు సీటులో కూర్చుంటే కాళ్ళ కింద గడ్డి కనిపించేది. “ఏడాదిలో నడిపిస్తాను” అన్నారు. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. జీపు ఇంకా షెడ్డులోనే ఉంది.

ఆదివారాలన్నీ దాని కిందే గడిచాయి. విప్పిన ప్రతి బోల్టూ ఒక డబ్బాలోకి వెళ్ళేది. పాలపొడి డబ్బాలో కుడి తలుపువి, పౌడరు డబ్బాలో స్టీరింగువి, బూటు పాలిష్ డబ్బాలో అద్దానివి. పైన ఏమీ రాసేవారు కాదు. చీటీలు అంటించమంటే “ఇది ఇల్లు, టీచరమ్మా. పరీక్ష హాలు కాదు” అని నవ్వేవారు. ఏ డబ్బా ఏ భాగానిదో ఆయన తలలో ఉండేది. కొంత మా అమ్మాయి తలలో ఉండేది. చిన్నప్పటి నుంచీ పక్కన నిలబడి “అది అలా కాదు నాన్నా” అని దిద్దుతూ ఉండేది కాబట్టి ఆయన దాన్ని “మేస్త్రీ” అని పిలిచేవారు. ఆయన పోయాక ఆ పిలుపు ఇంట్లో వినబడలేదు.

ఆ డబ్బాలన్నిటినీ అత్తయ్య ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేశారు. పాత బండిలో ప్రతి బోల్టూ తన రంధ్రంలోనే ఏళ్ళ తరబడి అరిగి ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. పట్టినా నిలవదు. మా అమ్మాయి ఆ సాయంత్రం పళ్ళేల ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూసింది. “పర్లేదు నాన్నమ్మా, నువ్వు మంచికే చేశావు” అంది. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి విప్పుకుంది. బకెట్టు నిండి పొర్లుతున్నా కుళాయి కట్టెయ్యలేదు.

మర్నాటి నుంచి ఏరడం మొదలుపెట్టింది. బోల్టు తల కింద అంటుకున్న పాత రంగు చూసి, మర చుట్ల అరుగుదల చూసి, వంపు చూసి, ఒక్కొక్కదాన్ని రంధ్రం రంధ్రానికీ పెట్టి చూసి, మళ్ళీ డబ్బాల్లోకి చేర్చింది. చలికాలం వెళ్ళిపోయి ఎండలు ముదిరాయి. నాలుగు తప్ప అన్నీ తేలాయి. ఆ నాలుగూ బాడీని వెనక వైపు అడుగున ఉండే ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కి పట్టి ఉంచేవి.

ఈ శనివారం బడి ఒంటిపూట. నేను వచ్చేసరికి పక్కింటి పోస్టుమాస్టారు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉన్నారు. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

“ఏం టీచర్ గారూ, రేపేనటగా బాడీ ఎక్కించడం?”

“రేపేనండీ.”

“నేనూ వచ్చి ఒక చెయ్యి వేస్తాను. చెయ్యి అంటే చెయ్యే. నడుం కూడా వెయ్యమంటే మా ఆవిడ ఒప్పుకోదు.”

“చెయ్యి చాలు లెండి.”

“ఆ బండి నడవడం మొదలుపెట్టేలోపు నేను నడవడం మానేస్తానని మీ ఆయనతో పందెం కాశాను. పాపం ఆయన...” మాట అక్కడ తెంపేసి, మొక్కలకి పెడుతున్న నీళ్ళగొట్టాన్ని అటువైపు తిప్పుకున్నారు.

షెడ్డులో జీపు రెండు ముక్కలుగా ఉంది. బూడిదరంగు వేసిన బాడీ ఖాళీ డ్రమ్ముల మీద ఉంది. పక్కన ఛాసిస్, ఇంజను మోస్తూ, తన చక్రాల మీద తాను నిలబడి ఉంది. రెండు పొడవాటి ఇనుప పట్టీలు, వాటిని కలుపుతూ అడ్డ పట్టీలు, అన్నీ నల్లగా, తడిపిన పలకలా. రేపు పొద్దున గొలుసు కప్పీ అతను వచ్చి బాడీని పైకి లేపుతాడు. ఛాసిస్‌ని బాడీ కిందికి తోసి, బాడీని దాని మీదికి దింపుతారు. ఆ తర్వాత ఛాసిస్‌లో సగం మళ్ళీ ఎవరి కంటా పడదు.

మా అమ్మాయి స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చింది. మోచేతి దాకా గ్రీజు.

“అమ్మా, ఆ నాలుగూ లేవు. ఇల్లంతా గాలించాను. లేచి నడిచి వెళ్ళిపోయినట్టున్నాయి.”

“నాన్నమ్మని అడిగావా?”

“అడిగా. ‘నా మిషను సొరుగులో ఉన్నాయేమో వెతుక్కో’ అంది. వెతికితే ‘నా సొరుగు ఎందుకు కెలికావు’ అని తిట్టింది. ఈమధ్య నేను ఛాసిస్ దగ్గరికి వెళ్తే చాలు, టీ తాగు, తల దువ్వుకో, పుస్తకం తియ్యి. నాన్నమ్మకి నా చదువు మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందో!”

ముందు గదిలో కుట్టు మిషను దగ్గర కూర్చున్న అత్తయ్య తల ఎత్తకుండానే అన్నారు. “మిట్టమధ్యాహ్నం ఎక్కడికే?”

“లేత్ షాపుకి. ఆ నాలుగూ కొత్తవి చేయిస్తా.”

“సోమవారం పోరాదూ?”

“సోమవారం పోతే రేపు బాడీని నీ దారంతో కుట్టమంటావా?”

“కుట్టినా నిలబడుతుందే. నా కుట్టు అంత తేలిగ్గా ఊడదు.”

“అయితే నిన్నూ ఒక బోల్టు కింద లెక్కేసుకుంటా. రేపు ఎక్కిందంటే, వచ్చే ఆదివారం కొండ మీదికి. నాన్న మాట అది. అమ్మ ముందు సీటు, నువ్వు వెనక సీటు. భయమేస్తే నన్ను పట్టుకో.”

స్కూటరు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. అత్తయ్య చేతిలో కత్తెర అప్పటికింకా గాలిలోనే ఉంది.

భోజనానికి మా అమ్మాయి కోసం ఆగుదామనుకుని, జవాబు పత్రాల కట్ట తీసుకుని అత్తయ్యకి ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ ఎవరిదో పాత కోటు విప్పుతున్నారు. లోపలి గుడ్డ చిరిగిందట, మార్చాలి. ఆవిడ పని నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్నదే. బట్టలు కుట్టడం కంటే విప్పి బాగుచేయడంలో ఆవిడకి పేరు. ముందు గుండీలు తెంపుతారు. తెంపిన గుండీల్ని, ఆ బట్ట అంచులోంచే కత్తిరించిన చిన్న పేలికలో వేసి, మూట కట్టి, పళ్ళెంలో పెడతారు. కోటు గుండీలు కోటు పేలికలో, చొక్కా గుండీలు చొక్కా పేలికలో. చూడ్డానికి ఒకేలాంటి నల్ల గుండీలైనా సరే, ఒకదానివి ఇంకొకదానితో కలవనివ్వరు. ఒకసారి తొందరలో ఉన్న ఒకాయన “ఏదో ఒక నల్లది వేసెయ్యండమ్మా” అంటే, కోటు మడిచి చేతికిచ్చి పంపేశారు.

నేను ఒక పిల్లవాడి జవాబు చదువుతున్నాను. వాక్యం మధ్యలో ఎర్ర కలం ఆగిపోయింది. పళ్ళెం వైపు చూశాను. రంగురంగుల చిన్న మూటలు, ఒకదాని పక్కన ఒకటి.

“అత్తయ్యా.”

“ఊఁ.”

“ఇన్ని మూటలెందుకు? అన్నీ కలిపేసి, సైజుల వారీగా పెట్టుకోవచ్చుగా.”

“బాగానే ఉంది చెప్పడం,” అన్నారు ఆవిడ, దారం కొస పంటితో తెంపుతూ. “కలిపేస్తే ఇంకేముంది? ఏది దేనిదో ఆ దేవుడు దిగొచ్చినా...”

ఆగిపోయారు.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. అత్తయ్య కత్తెరని మిషను బల్ల మీద పెట్టారు. చప్పుడు కాకుండా పెట్టారు.

నేను లేచి పళ్ళెం దగ్గరికి వెళ్ళాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. అడుగున, మిగతా వాటి కింద, నీలం గళ్ళ గుడ్డ మూట ఒకటి కనిపించింది. ఆ గుడ్డ నాకు తెలుసు. ఆయన లిఫ్టు పనికి తొడుక్కెళ్ళే చొక్కా అది. ఉతికి ఉతికి గళ్ళు వెలిసిపోయాయి. మూట ఎత్తాను. గుండీల బరువు కాదు అది. ముడి విప్పాను. నాలుగు పొడుగు బోల్టులు. నూనె రాసి, శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

“పిల్ల వారం రోజులుగా వీటి కోసం నేల మీద పాకుతోంది,” అన్నాను.

“తెలుసు.”

“ఆ రోజు డబ్బాలు బోర్లించింది తుప్పు కోసం కాదు.”

“కాదు.”

“కావాలనే చేశారు.”

“కావాలనే చేశాను,” అన్నారు అత్తయ్య. “ఏ బోల్టు దేనిదో తెలియకపోతే విసుగొచ్చి వదిలేస్తుందనుకున్నాను. మళ్ళీ అన్నీ ఏరుకుంటుందని నాకేం తెలుసు? ఏరుతుంటే ఇక్కడ కూర్చుని చూశాను. రోజుకో గుప్పెడు. వాడి కూతురు కదా మరి.” చివరి మాటలో గర్వం లాంటిది తొంగి చూసింది. వెంటనే పోయింది.

“ఎందుకు అత్తయ్యా?”

ఆవిడ మిషను కింద నేల మీద పడ్డ సూదులు ఏరడానికి వాడే గుర్రపు లాడం ఆకారపు అయస్కాంతాన్ని తీసుకుని లేచారు. మోకాళ్ళు పట్టుకుని ఒక క్షణం నిలదొక్కుకున్నారు.

“రా,” అన్నారు.

షెడ్డులో ఎండ రేకుల సందుల్లోంచి గీతలు గీతలుగా పడుతోంది. అత్తయ్య ఛాసిస్ పక్కన వంగి, కుడి పట్టీ మీద అయస్కాంతం ఆనించారు. టక్‌మని అతుక్కుంది. లాగి, ఇంకొంచెం వెనక్కి పెట్టారు. టక్. మళ్ళీ లాగారు. టక్. వెనక చక్రానికి పైన, కుదుపులు ఆపే కమాను పట్టీల చివర ఛాసిస్‌ని పట్టుకునే చోటికి వచ్చారు. అయస్కాంతం ఆనించి చెయ్యి వదిలారు. అది జారి నేల మీద పడింది.

“నువ్వు చూడు,” అన్నారు.

చూశాను. ముందు నుంచి వెనక్కి మెల్లగా జరుపుకుంటూ వచ్చాను. ఇనుము నా చేతిని తనవైపు లాక్కుంటూ ఉండగా ఒక్కసారిగా లాగడం మానేసింది. నల్లరంగు అలాగే ఉంది. నునుపు అలాగే ఉంది. జానెడు దూరం ఏమీ లేదు. ఆ తర్వాత మళ్ళీ లాగింది. కింది వైపు చూశాను. అక్కడా అంతే. అర మీద ఉన్న పానా తీసుకుని కొట్టి చూశాను. ముందు ఖంగుమంది. జానెడు మేర మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టు మెత్తగా, చచ్చుగా మోగింది.

“పుట్టీ,” అన్నాను.

“పుట్టీయే. లోపల ఇనుము లేదు. ఏదో పీచులాంటి గుడ్డ కూరి, పుట్టీ మెత్తి, పైన రంగు వేశాడు.”

నేను నేల మీద కూర్చున్నాను. లిఫ్టు తాడులో ఒక్క తీగ తెగి కనబడితే ఆ లిఫ్టుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేవారు ఆయన. భవనం యజమానులు ఇంటి మీదికి వచ్చి అరిచినా ఇచ్చేవారు కాదు. పుట్టీతో తుప్పు కప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. “పుచ్చిన పన్నుకి సున్నం కొట్టేరకం” అనేవారు. ఆ మాట మా అమ్మాయి నోట నేను వందసార్లు విన్నాను.

“మీకెలా తెలుసు?”

“వాడే చెప్పాడు. పగలు నువ్వు బడికి పోతే ఆసుపత్రిలో నేనే కదా కూర్చున్నది. ఒకరోజు ఉన్నట్టుండి చెప్పాడు. నేను నమ్మలేదు. మందుల మైకం అనుకున్నాను. ఇంటికొచ్చి దీంతో చూశాను.” అయస్కాంతం వైపు చెయ్యి ఊపారు. “పట్టలేదు.”

“ఎప్పుడు చేశారట?”

“పిల్ల పుట్టినరోజుకి ఛాసిస్‌కి నల్లరంగు వేయిద్దామన్నాడు, గుర్తుందా? ఆ ముందు వారమే కదా డాక్టరు ఆ మాట చెప్పింది.”

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు! ఆయన స్టూలు మీద కూర్చుని ఆయాసపడుతూ “ఇటు లాగు, అటు లాగకు” అని చెప్తుంటే, మా అమ్మాయి కొత్త బ్రష్‌తో ఈ చివర నుంచి ఆ చివరికి రంగు వేసింది. నేను టీ తెచ్చి ఇచ్చాను. వెనక కమాను దగ్గరికి వచ్చేసరికి ఆయన “అక్కడ రెండు పూతలు వెయ్యి మేస్త్రీ” అన్నారు. అది రెండు పూతలు వేసింది.

“రంగు కోసం తుప్పు గీకుతుంటే వేలు లోపలికి దిగిపోయిందట,” అన్నారు అత్తయ్య. “ఆ పట్టీ కోసి కొత్తది అతకాలంటే ఇంజను దింపాలి, చక్రాలు ఊడదియ్యాలి, మళ్ళీ మొదటికొచ్చి ఏడాది పని. ‘ఆ ఏడాది నా దగ్గర లేదమ్మా’ అన్నాడు. ‘పిల్ల బ్రష్ కొనుక్కుని రెడీగా ఉంది. ఏమని చెప్పను’ అన్నాడు. మీరిద్దరూ లేని పూట కూర్చుని కప్పేశాడు. కాస్త తేరుకుంటే తీసి మారుద్దాం అనుకున్నాడు. తేరుకోలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

అడగకూడదనుకుంటూనే అడిగాను.

అత్తయ్య నా వైపు చూడలేదు. “చెప్పమన్నాను. పెళ్ళానికి చెప్పకుండా తల్లికి చెప్పేదేంట్రా అని కూడా అన్నాను. ‘టీచరమ్మకి తప్పు కనబడితే ఎర్రసిరాతో చుట్టకుండా ఉండలేదమ్మా. చుట్టిన చోట మేస్త్రీ చూస్తుంది’ అన్నాడు.”

నా చూపుడువేలికి ఎర్రసిరా అంటుకుని ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దాను. పోలేదు.

“నా చేత రెండు మాటలు తీసుకున్నాడు,” అన్నారు ఆవిడ. “బండి రోడ్డెక్కకూడదు. పిల్లకి తెలియకూడదు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయిరా అంటే అటు తిరిగి పడుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే వాడు. చిక్కుముడి నా ఒళ్ళో పడేసి నిద్రపోతాడు.”

“అందుకని డబ్బాలు బోర్లించారు.”

“ఇంకేం చెయ్యను? షెడ్డుకి నిప్పు పెట్టనా? ముసల్దానికి మతిపోయింది, సర్దుతూ పాడుచేసింది అనుకుంటారు, అంతేగా. అనుకోనీ అనుకున్నాను. పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు చూడు, అదే...” ఆవిడ ఛాసిస్ మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేశారు.

“ఆ చోటు విరిగితే ఏమవుతుంది?” అన్నాను. నాకు తెలుసు. కానీ ఎవరో ఒకరు పైకి అనాలి.

“గోతిలో పడితే కమాను ఊడుతుందట. వెనక చక్రాలు పక్కకి తిరుగుతాయట. చదును నేల మీదైతే కాళ్ళో చేతులో. కొండ దారిలో అయితే...”

“ఇవాళే చెప్తాను. రాగానే చెప్తాను.”

“ఏమని?”

“ఉన్నదున్నట్టు.”

“మీ నాన్న నీ చేత పుట్టీకి రంగు వేయించాడు, రెండు పూతలు వేయించాడు అని చెప్తావా?” అత్తయ్య గొంతు మొదటిసారి పైకి లేచింది. “దానికి మిగిలింది ఆ ఒక్కటే కదే! ఊళ్ళో అందరూ మోసం చేస్తారు, మా నాన్న చెయ్యడు అని బతుకుతోంది. పోయినవాణ్ణి రెండోసారి పంపకు.”

“బతికున్నదాన్ని ఒక్కసారి పంపినా పర్లేదా అత్తయ్యా?”

ఆ మాట అంత కటువుగా వస్తుందనుకోలేదు. ఆవిడ పక్కనున్న డ్రమ్ముకి ఆనుకున్నారు. పోస్టుమాస్టారి గొట్టంలోంచి నీళ్ళు ఇంకా కారుతున్న చప్పుడు.

“ఇంకో దారి ఉంది,” అన్నారు అత్తయ్య, ఈసారి మెల్లగా. “నువ్వు అడ్డం తిరుగు. నాకీ బండి చూస్తే ఆయన గుర్తొస్తున్నారు, ఇంట్లో ఉంచను అను. రేపు కప్పీ అతన్ని వెనక్కి పంపెయ్. ముక్కలు చేయించి లారీకెత్తించు. ఏడుస్తుంది. నీతో మాట్లాడటం మానేస్తుంది. మానెయ్యనీ. ఇన్నాళ్ళూ నేను పిచ్చిదాన్నయ్యాను. ఇప్పుడు నువ్వు చెడ్డదానివి అవ్వు.”

“అది జన్మలో నన్ను క్షమించదు.”

“క్షమించదు. కానీ ఉంటుంది.”

గేటు దగ్గర స్కూటరు ఆగింది. అత్తయ్య నా చేతిలోంచి నీలం గళ్ళ మూట లాక్కుని గుప్పిట్లో దాచుకున్నారు. నేను లేచి చీరకి అంటిన మట్టి దులుపుకున్నాను. అయస్కాంతం చక్రం పక్కన నేల మీదే ఉండిపోయింది.

“ఇద్దరూ ఇక్కడున్నారా!” మా అమ్మాయి కాగితం పొట్లం విప్పుతూ లోపలికి వచ్చింది. నాలుగు కొత్త బోల్టులు, వెండిలా తెల్లగా. “చూడమ్మా, పాతవాటి అమ్మమొగుళ్ళలా వచ్చాయి. లేత్ అన్న దగ్గర నిలబడి ఒక్కొక్కటి కొలిపించా. నాన్నమ్మా, నీ దారం అక్కర్లేదు, పండగ చేసుకో.”

“సంతోషం,” అన్నారు అత్తయ్య.

“ముఖం చూస్తే అలా లేదే.” అది వంగి నేల మీదున్నది తీసింది. “నీ అయస్కాంతం ఇక్కడేం చేస్తోంది?”

“సూది పడిపోయింది.”

“షెడ్డులోనా? ఇక్కడేం కుడుతున్నావు, టైర్లా?” నవ్వుతూ, చేతిలో బోల్టులు ఉన్నాయని, అయస్కాంతాన్ని ఛాసిస్ మీద పెట్టేసింది.

టక్‌మంది.

ఆ చోటికి జానెడు ఇవతల అతుక్కుంది. అత్తయ్య ఊపిరి వదలడం నాకు వినిపించింది.

“లేత్ అన్న అడిగాడమ్మా, ‘పాత బండికి ఛాసిస్సే ప్రాణం, లోపల తుప్పు చూశారా’ అని,” అంటోంది మా అమ్మాయి. ఒక చేత్తో పట్టీని నిమురుతూ వెనక్కి నడుస్తోంది. “‘చూసింది మా నాన్న’ అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. నాన్న లిఫ్టు తాడు సంగతి ఆయనకీ తెలుసట.” దాని అరచెయ్యి ఆ రెండు పూతల నలుపు మీదుగా జారి, కమాను దగ్గర ఆగింది. అక్కడ ఏదో దుమ్ము కనబడిందేమో, చున్నీ అంచుతో తుడిచింది.

“మేస్త్రీ,” అన్నాను.

అది గిరుక్కున తిరిగింది. నా నోట ఆ పిలుపు ఎప్పుడూ వినలేదు. కళ్ళు పెద్దవయ్యాయి, పెదవులు అదిరాయి.

“ఏంటమ్మా?”

అత్తయ్య నన్నే చూస్తున్నారు. గుప్పిట్లో మూట నలుగుతోంది.

“చేతులు కడుక్కుని రా,” అన్నాను. “భోజనానికి నీ కోసమే ఆగాం.”

అది వెళ్ళింది. ఈసారి కుళాయి విప్పి, వెంటనే కట్టేసింది. ఏదో కూనిరాగం తీస్తోంది.

రేపు పొద్దున కప్పీ అతను వస్తాడు. వెనక కమాను దగ్గర జానెడు ఇనుము మార్చలేదు. మార్చాలని మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు.